న్యూయార్కులో మట్టిగాజులు

కూతురి పురిటికని అమెరికా బయలుదేరే ఆడవాళ్ళు ఇప్పటికీ ఒకసారి నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. అక్కడి చలికి ఏం వేసుకోవాలి, ఊరగాయ సీసా విమానంలో కారకుండా ఎలా కట్టాలి, న్యూయార్కు బజారులో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అని అడుగుతారు. నేను చదివింది మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. అయినా ఆ బజారు గురించి నాకు తెలిసినంత మా ఊళ్ళో పెద్ద చదువులవాళ్ళకి కూడా తెలియదని నా నమ్మకం. వాళ్ళు వెళ్ళి చూసి వచ్చారు. నేను పని మీద వెళ్ళి, పని చేసుకుని వచ్చాను.

అడిగినవాళ్ళకి మొట్టమొదట చెప్పేది ఒకటే. సీమంతానికి గాజులు ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి. కానీ సైజు ఉత్తరంలో రాయించుకుని మరీ కొనండి. కూతురి చెయ్యి నాకు తెలియదా అనుకోవద్దు.

నేను అలాగే అనుకున్నాను. అది ఎనభైల మొదటి రోజులు. మా అమ్మాయి, అల్లుడుగారు న్యూజెర్సీలో పిస్కాటవేలో ఉండేవారు. అమ్మాయికి తొమ్మిదో నెల పెట్టగానే సీమంతం చేసి, పురుడు పోసి రావాలని నేను వెళ్ళాను. మా ఆయన ఇంటి దగ్గర ఉండిపోయారు. బయలుదేరే ముందు బజారులో గాజులాయన "ఏ సైజమ్మా?" అని అడిగితే, "రెండూ నాలుగు. ఇంకా అడుగుతావేం, ఎన్నేళ్ళ నుంచి తొడగటం లేదూ నువ్వు?" అని గదమాయించి, రెండు డజన్ల ఆకుపచ్చ మట్టిగాజులు కట్టించుకున్నాను. అంత దూరం విమానంలో ఒక్కటీ చిట్లకుండా తీసుకువెళ్ళానని నాకు గర్వంగా కూడా ఉంది.

ఆదివారం సీమంతం. గురువారం మధ్యాహ్నం, ఎందుకైనా మంచిదని ఒకసారి తొడిగి చూశాను. అప్పుడు చూశాను పిల్ల చేతులు. మూడేళ్ళ క్రితం నేను పంపిన చేతులు కావవి. నీరు పట్టి, వేళ్ళ దగ్గర్నుంచి మణికట్టు దాకా ఉబ్బి ఉన్నాయి. అయినా నేను వెనక్కి తగ్గలేదు. సబ్బు రాశాను.

"అమ్మా, నొప్పి."

"గాజులు తొడిగేటప్పుడు నొప్పి పుట్టనిది ఎవరికి? చెయ్యి వదులు చెయ్యి."

మొదటిది చిట్లింది. రెండోది చిట్లింది. మూడోది చిట్లడంతోపాటు బొటనవేలి కింద గీసుకుని నెత్తురు చుక్క వచ్చింది. ఇద్దరం ఆ చుక్కని చూశాం.

"పోనీలేమ్మా," అంది మా అమ్మాయి. "నేను అలాంటివి నమ్మను. ఇట్స్ జస్ట్ గ్లాస్. ఆదివారం ప్లాస్టిక్‌వి వేసుకుంటాను."

అని స్నానాలగదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి వదిలేసింది. ఊరికే నీళ్ళు పారబోసే పిల్లని నేను పెంచలేదు. పది నిమిషాలు ఆ కొళాయి అలా పోతూనే ఉంటే, లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయింది. తొలి కాన్పు. ఊరు కాని ఊరు. భయపడకుండా ఉండమని చెప్పడానికి అంత దూరం వెళ్ళినదాన్ని, దాని చేతి మీద మూడు గాజులు పగలగొట్టి నెత్తురు చూపించాను. ఆదివారం లోపల ఆ చేతులకి నిండుగా మట్టిగాజులు తొడగకపోతే ఆ పిల్ల ఆ మూడు ముక్కల్నే తలుచుకుంటూ పురిటిగదిలోకి వెళుతుందని నాకు అర్థమయింది.

ఇక అల్లుడుగారిని అడగాలి. మా వైపు అత్తగారు అల్లుడి ఎదురుగా కూర్చోదు, పక్కన నడవదు, ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి చెబుతుంది. మా అమ్మాయి ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య తలుపు లేదు, గోడ కూడా లేదు. అందుకని నేను ఏదైనా మాట్లాడాల్సి వస్తే ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెనక నిలబడేదాన్ని.

"బాబూ, న్యూయార్కులో మట్టిగాజులు దొరుకుతాయంటారా?"

"న్యూయార్క్‌లో దొరకనిది లేదండీ అత్తయ్యగారూ. శనివారం వెళ్దాం. తలుపు వేసేయండి, పాలు పాడవుతాయి."

ఆయన ఇంజనీరు. ఏ పనీ కొలత లేకుండా చేయడు. శుక్రవారం ఆఫీసు నుంచి ఏదో స్టీలు పనిముట్టు తెచ్చి, అమ్మాయి చేతిని అటు పట్టి ఇటు పట్టి కొలిచి, ఒక కార్డు మీద అంకెలు రాసుకున్నాడు. భార్యాభర్తల మధ్య మనకెందుకని నేను చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాను. అక్కడ తల ఎత్తి చూసి ఉంటే తర్వాత కథ ఉండేది కాదు.

శనివారం పొద్దున బయలుదేరాం. అమ్మాయిని ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు చెప్పింది కాబట్టి ఇంట్లోనే ఉంది. "నా గ్లోవ్స్ ఏవీ?" అని అల్లుడుగారు వెతుక్కుంటుంటే, "అవిప్పుడు నావి. నావి నాకు పట్టడం లేదు, మీవే సరిగ్గా సరిపోతున్నాయి" అంది. పాపం ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని బయలుదేరాడు.

ఆ పట్నం వెళ్ళేవాళ్ళకి కొన్ని సంగతులు చెప్పాలి. ఇంటి చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాయించుకుని కొంగున ముడి వేసుకోండి. చెప్పులు పనికిరావు, రెండు జతల మేజోళ్ళ మీద బూట్లు వేసుకోండి. నేను మా అమ్మాయివి వేసుకున్నాను. పులిహోర పొట్లం కట్టుకుని వెళ్ళండి, అక్కడ మనం తినేది ఏదైనా దొరికినా, ఆ ధర విన్నాక మింగుడుపడదు. మేడలు ఎంత ఎత్తున్నాయో చూడాలంటే ఒక గోడకి ఆనుకుని చూడండి, నడుస్తూ చూస్తే మనుషులు వచ్చి గుద్దుకుంటారు. కదిలే మెట్లు ఎక్కేటప్పుడు ఎడమచేత్తో కుచ్చెళ్ళు పైకి పట్టుకోండి. అవి మెట్ల పళ్ళలో చిక్కుకుంటే చీర పైఅంతస్తుకి వెళుతుంది, మనం కిందే ఉంటాం.

రైలు దిగగానే అల్లుడుగారు ఒక పెద్ద షాపుకి తీసుకువెళ్ళాడు. మా ఊరి మార్కెట్టూ రైల్వేస్టేషనూ కలిపి పేర్చినంత ఉంది. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, చక్కగా ముస్తాబయిన పిల్ల ఒకతె చేతిలో అందమైన బుడ్డితో ఎదురొచ్చి, చిరునవ్వు నవ్వింది. పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్టు చల్లబోతోందని నేను తల కాస్త వంచాను. చల్లింది కూడా. మంచి వాసన. ఎంత మర్యాద తెలిసినవాళ్ళు అనుకుని, గంధం కోసం చేతులు చాపి అక్కడే నిలబడ్డాను. ఆ పిల్ల నా చేతులు చూసింది. నేను ఆ పిల్లని చూశాను. ఎంతకీ గంధం రాలేదు, పువ్వూ రాలేదు.

"అత్తయ్యగారూ, రండి రండి," అన్నాడు అల్లుడుగారు గబగబా వెనక్కి వచ్చి. "అది కొనమని చల్లుతారు. శాంపిల్."

"కొనకపోతే?"

"కొనకపోతే ఏంలేదు."

అయితే పోయేటప్పుడు కూడా ఆ గుమ్మంలోంచే పోదామన్నాను.

గాజుల బీరువా దగ్గర అమ్మే ఆవిడ ఏవేవో చూపించింది. అన్నీ ఒకచోట తెగి ఉన్నాయి, సగం ఇత్తడి, సగం ప్లాస్టిక్. గ్లాసువి కావాలని అల్లుడుగారు చెప్పేసరికి ఆవిడ కంగారుపడింది. "చేతికి గ్లాసా? పగిలిపోతుంది కదా" అంటోందని ఆయన నాకు తెలుగులో చెప్పాడు.

"పగలకపోతే అది గాజెలా అవుతుందో అడగండి," అన్నాను. ఆయన అడగలేదు.

అక్కడ పని కాలేదు కాబట్టి, మనవాళ్ళ కొట్లు లెక్సింగ్టన్ అవెన్యూలో ఉంటాయి, నడిచి వెళ్దాం అన్నాడు. ఆయన ముందు, నేను పదడుగులు వెనక. పక్కన నడవను కదా. ఆయన నాలుగు అంగలు వేసి వెనక్కి తిరిగి చూడడం, నేను కొంగు సర్దుకుని ఆగడం. మళ్ళీ ఆయన నడవడం, నేను నడవడం. ఆ రద్దీలో నేను తప్పిపోతానేమోనని ఆయనకి భయం. పిలవాలంటే పేరు పెట్టి పిలవనని నా పట్టుదల. ఇలా నాలుగు వీధులు దాటాక ఒక పోలీసాయన ఆయన్ని ఆపి, నా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అడిగాడు. ఆయన ఏదో చెప్పాడు. పోలీసాయన నన్ను ఎగాదిగా చూసి, ఒక మాట అని, పడీపడీ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

"ఏమిటట బాబూ?"

"మీరు నా వెనక పడుతున్నారేమో, ఏమైనా ఇబ్బందా అని అడిగాడండీ. మా అత్తగారని చెప్పాను."

"దానికి అంత నవ్వెందుకు?"

"ఊరికేనండీ."

అది ఊరికే కాదని, 'మా అత్తగారూ ఇంతే' అన్నాడని నెల తర్వాత మా అమ్మాయి చెప్పింది. ఏమైనా, ఆ వీధి దగ్గర్నుంచి పదడుగుల దూరాన్ని అయిదుకి తగ్గించాను.

లెక్సింగ్టన్ అవెన్యూ వచ్చిందని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఇంగువ వాసన వచ్చింది. చీరలు, పప్పులు, స్టీలు గిన్నెలు అన్నీ ఒకే కొట్లో పెట్టి అమ్ముతున్నారు. రెండు కొట్లలో ప్లాస్టిక్ గాజులే ఉన్నాయి. మూడో కొట్లోకి వెళ్ళేసరికి లోపలి నుంచి తెలుగు వినిపించింది.

"రాండమ్మా, రాండి. ఏం గావాలె?"

ఆయనది హైదరాబాదు. తాతల నాడు చార్మినారు దగ్గర గాజుల దుకాణమట. మట్టిగాజులని చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"ఉన్నయమ్మా! సైజు చెప్పుండ్రి."

నేను నోరు తెరిచే లోపల అల్లుడుగారు జేబులోంచి కార్డు తీసి, "డయామీటర్ ఫిఫ్టీ ఫోర్ పాయింట్ ఫైవ్ మిల్లీమీటర్స్. టాలరెన్స్‌తో సహా" అని చదివాడు.

కొట్టాయన ఆ కార్డు తీసుకుని తిరగేసి చూశాడు. "ఏడ కొలిసిండ్రు సార్?"

"రిస్ట్ దగ్గర. గాజు ఉండేది అక్కడే కదా?"

"ఉండేది ఆడనే. గని అది పిడికిలి దాటంగ గదా సార్ ఆడికి పొయ్యేది!"

అల్లుడుగారు తన మణికట్టు చూసుకున్నాడు. తర్వాత పిడికిలి చూసుకున్నాడు. అంత చదువు చదివిన మనిషి మొహం అలా అయిపోతుంటే నాకు జాలేసింది. కానీ జాలి పడుతూ కూర్చోవడానికి టైము లేదు. రేపే ఆదివారం. గాజులు ఎదురుగా ఉన్నాయి, చెయ్యి ముప్ఫై మైళ్ళ అవతల ఉంది.

"పెద్ద సైజు ఒక్కటే డబ్బా ఉన్నదమ్మా. రెండూ ఎనిమిది. పచ్చవి, రెండు డజన్లు. సరిపోతయో లేదో నేనెట్ల జెప్పాలె? గసుంటి చెయ్యి ఇంకొకటి జూపియ్యుండ్రి, తొడిగి జూద్దాం."

అలాంటి చెయ్యి. నా చేతులు ఎముకలు, ఆ గాజులు మోచేతి దాకా జారిపోతాయి. కొట్లో ఉన్న ఇద్దరు పంజాబీ ఆడవాళ్ళ చేతులు చూశాను, పనికిరావు. అప్పుడు పొద్దున గ్లోవ్స్ సంగతి గుర్తొచ్చింది. ఆయనవి అమ్మాయికి సరిగ్గా సరిపోతున్నాయంటే ఇద్దరి చేతులదీ ఒకటే కొలత అన్నమాట.

"బాబూ," అన్నాను. "చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఎందుకండీ?"

"ఇవ్వండి చెబుతాను."

మా అమ్మాయి పెళ్ళిలో మా ఆయన అల్లుడుగారి కాళ్ళు కడిగితే నేను నీళ్ళు పోశాను. అప్పుడు కూడా చెంబు నాది, కాళ్ళు ఆయనవి, మధ్యలో నీళ్ళు ఉన్నాయి. అంతకంటే దగ్గరికి నేను ఎన్నడూ వెళ్ళలేదు. ఆ రోజు న్యూయార్కు నడిబజారులో, నలుగురి ఎదుట, అల్లుడి చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కొట్టాయన ఇచ్చిన సబ్బునీళ్ళు రాశాను.

"అత్తయ్యగారూ, అందరూ చూస్తున్నారండీ."

"చూడనివ్వండి. వాళ్ళేమైనా మనకి పిల్లనిచ్చారా? చెయ్యి వదులు చేయండి."

"నొప్పండీ."

"మీ ఆవిడకి గురువారం ఇంతకంటే నొప్పి పుట్టింది. ఊరుకోండి."

గాజు మెటికల దాకా వచ్చి ఆగింది. కాస్త తిప్పి నొక్కాను. గలుక్కుమని మణికట్టుకి దిగింది. కొట్టాయన చప్పట్లు కొట్టాడు. పంజాబీ ఆడవాళ్ళు కూడా కొట్టారు.

అక్కడితో ఆగవచ్చు కదా అని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది. మట్టిగాజుల సంగతి దానికేం తెలుసు? ఒక డబ్బాలో ఇరవైనాలుగూ ఒక్కలా ఉండవు. ఒకటి వంకర, ఒకటి బిగువు. ఒక్కటి సరిపోయిందని డబ్బా మోసుకుపోతే ఆదివారం అందరి ముందూ రెండోది చిట్లుతుంది. ప్రతిదీ తొడిగి చూడాల్సిందే. పైగా కుడిచెయ్యి ఎడమచేతికంటే పిసరు లావు, అందుకని కుడిచేతివి కుడిచేతికే చూడాలి. అల్లుడుగారు కోటు విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. మూడింటిని వంకరని తీసేశాను. మా ఇంట్లో సీమంతానికి బేసి లెక్కే తొడుగుతారు, ఎడమచేతికి ఒకటి ఎక్కువ. కుడికి పది, ఎడమకి పదకొండు. ఇరవైఒకటీ లెక్కకి సరిపోయాయి.

"సరిగ్గా ఉన్నాయి. ఇక తీసేద్దాం," అన్నాను.

రాలేదు. అంతసేపు నొక్కి నొక్కి మెటికలు ఎర్రగా వాచాయి. నేను లాగాను, కొట్టాయన లాగాడు.

"గట్టిగ గుంజితే పగుల్తయమ్మా. సీమంతం గాజులు దుకాణంల పగులగొడ్తరా? ఇంటికి పొయ్యి నూనె రాయుండ్రి, మెల్లగ ఒస్తయ్."

ఆ మాట నిజం. ఆ వారంలో పగలవలసినవి పగిలిపోయాయి. ఇంకొక్కటి పగలడానికి నేను ఒప్పుకోను. అయితే బేరం మాత్రం మానలేదు. "డబ్బా వద్దు, కాగితం వద్దు, దారం వద్దు. ఆ మేరకి తగ్గించు" అన్నాను. ఆయన తగ్గించలేదు కానీ పసుపు కుంకుమ పొట్లాలు ఉచితంగా ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో వెనక నడిచే వీలు లేకపోయింది. కోటు చేతుల్లోంచి గాజులు దూరవు కాబట్టి అల్లుడుగారు కోటు భుజాల మీద కప్పుకుని, రెండు చేతులూ ముందుకి చాపుకుని నడిచాడు. వాటి మీద నా శాలువా కప్పాను. ఎవరూ తగలకుండా నేను ముందు నడుస్తూ, రెండు చేతులూ బారచాపి జనాన్ని తప్పించాను. "జరగండి, జరగండి" అని తెలుగులోనే అన్నాను. అందరికీ అర్థమయింది.

రైల్లో ఆయన గోరింటాకు పెట్టుకున్న పెళ్ళికూతురిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. రైలు ఊగినప్పుడల్లా గలగల. ఎదుటి సీటులో ముసలావిడ శాలువా కిందికి తొంగి చూసి, ఎంత బాగున్నాయో అంది. "థాంక్యూ, మా ఆవిడవి" అన్నాడు. ఇంతలో టికెట్లు చూసే ఆయన వచ్చాడు. టికెట్లు అల్లుడుగారి పాంటు జేబులో ఉన్నాయి. ఆ చేతులు జేబులో పట్టవు. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. దేనికైనా ఒక హద్దు ఉంటుంది. చివరికి ఆ టికెట్లాయనే తీసుకున్నాడు.

తలుపు తీసిన అమ్మాయి మొగుడి చేతులు చూసి, ముందు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. గురువారం నుంచి ఆ ఇంట్లో నవ్వు వినలేదు. నాకూ నవ్వొచ్చింది కానీ, "నవ్వింది చాలు, కూర్చో" అన్నాను.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆయన మెటికలకి కొబ్బరినూనె రాసి, చన్నీళ్ళలో ముంచి, చేతులు కాసేపు పైకి ఎత్తి పట్టుకోమన్నాను. వాపు తగ్గాక ఒక్కొక్కటే ఆయన చేతి నుంచి తీసి, అదే నూనెతో అమ్మాయి చేతికి ఎక్కించాను. మొదటిది మెటికలు దాటి దిగాక, "అమ్మా, నొప్పి లేదు" అంది నెమ్మదిగా. దీపం పెట్టే వేళకి ఇరవై పూర్తయ్యాయి.

ఇరవైఒకటోది ఆయన ఎడమచేతి నుంచి రాలేదు. నూనె అయిపోయింది, సబ్బు అరిగిపోయింది, అది మాత్రం కదలలేదు.

"కట్ చేసేద్దాం అత్తయ్యగారూ. ఒక్కటే కదా," అన్నాడు.

నేను అమ్మాయి మొహం చూశాను. బొటనవేలి కింద గీతని ఇంకో వేలితో రాసుకుంటోంది.

పగలగొట్టడానికి వీల్లేదు. ఇరవై సరి లెక్క, అదీ వీల్లేదు. ఒకటి తీసి పంతొమ్మిది చేద్దామంటే తొడిగిన గాజు సీమంతం కాకుండా తీయడం మంచిది కాదు. కాసేపు ఆలోచించి, "ఉండనివ్వండి" అన్నాను. "దాని చేతులకి ఇరవై, మీ చేతికి ఒకటి. బిడ్డ ఇద్దరిదీ కదా, లెక్క ఇద్దరి మీదా ఉంటుంది."

"అలా ఉందా అమ్మా మన ఆచారం?"

"ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఎదురు ప్రశ్నలు వేయకు."

ఆదివారం పాతికమంది వచ్చారు. వాళ్ళలో ఒక డాక్టరుగారి తల్లి, నాలాగే ఊరి నుంచి వచ్చినావిడ, అమ్మాయికి బొట్టు పెడుతూ గాజులు లెక్కపెట్టింది. ఆవిడ స్థానంలో నేనున్నా అదే పని చేసేదాన్ని.

"ఇరవయ్యే ఉన్నాయేమిటి వదినగారూ? సరి లెక్క తొడిగారా?"

అమ్మాయి తలెత్తి నా వైపే చూసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు చూసేది అలాగే.

మగవాళ్ళంతా అవతల కూర్చుని ఉన్నారు. నేను తలుపు చాటు వెతుక్కోలేదు. గట్టిగానే పిలిచాను.

"బాబూ, ఒకసారి ఎడమచెయ్యి ఎత్తండి."

అల్లుడుగారు కాఫీ కప్పు కింద పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, ఎత్తి చూపించాడు. ఆకుపచ్చ గాజు తళతళలాడింది. మగవాళ్ళు గొల్లుమన్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మాయి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, గాజులు గలగల్లాడేలా నవ్వింది.

డాక్టరుగారి తల్లి మాత్రం నవ్వలేదు. కాసేపు ఆయన చేతినీ, కాసేపు నన్నూ చూసి, నా పక్కకి జరిగి చెవిలో అడిగింది.

"మా కోడలికి ఆగస్టులో వదినగారూ. మా అబ్బాయి చెయ్యి కాస్త లావు. ఆ కొట్లో రెండూ పన్నెండు దొరుకుతాయంటారా?"